పటంలోని సగటు లెక్కతో మొక్క బతకదు

సంపాదకులకు నమస్కారం.

ఏ మొక్క ఏ ప్రాంతానికి సరిపోతుందో వాతావరణ పటాన్నీ నేల పటాన్నీ ఒకదానిపై ఒకటి పరిచి తేల్చడం ఇప్పుడు ఎవరికైనా సాధ్యమైన పని. సమాచారం ఉచితం, సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక్క రోజులో రంగురంగుల పటం తయారవుతుంది. అందులో ఆకుపచ్చ రంగు పడిన చోటల్లా మొక్క నాటేయవచ్చన్న నమ్మకం కూడా అంతే వేగంగా పెరుగుతోంది. మా ఆందోళన దాని గురించే. ఈ పటాలు లేకుండా పెద్ద ఎత్తున మొక్కల పెంపకం తలపెట్టడం కళ్లు మూసుకుని విత్తనం చల్లడం లాంటిది, అందులో సందేహం లేదు. అయితే వాటిలో సగటు లెక్క మూడు చోట్ల దాగి ఉంటుంది: కాలంలో, చోటులో, మార్కులు వేసే పద్ధతిలో. మొక్క మాత్రం సగటు ఏడాదిలో బతకదు, సగటు మట్టిలో వేరు దించదు. ఆ మూడు సగటుల వెనక ఏముందో, వాటిని ఎలా విప్పి చూడాలో మీ పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ.

ముందు కాలం సంగతి. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే వాతావరణ పటాల్లో వరల్డ్‌క్లిమ్ ఒకటి. దాని రెండో వెర్షన్‌లో ఉన్నవి 1970 నుంచి 2000 వరకు నెలవారీ సగటులు. పటాన్ని చిన్న చిన్న గళ్లుగా విభజిస్తారు. ఒక్కో గడి భూమధ్యరేఖ దగ్గర దాదాపు కిలోమీటరు. వాటి నుంచి 19 సూచికలు లెక్కకడతారు: ఏడాది సగటు ఉష్ణోగ్రత, వేడి నెల గరిష్ఠం, చలి నెల కనిష్ఠం, పొడి నెల వాన, ఇలా. వీటిలో ఆరో సూచికను చాలామంది తప్పుగా చదువుతారు. 'చలి నెల కనిష్ఠం' అంటే ఆ నెలలో రోజూ నమోదైన కనిష్ఠాల సగటు. ఆ నెలలో ఎంత కిందికి పడిపోయిందన్నది అందులో ఉండదు. సగటు 4 డిగ్రీలున్న నెలలో ఒక రాత్రి సున్నా కిందికి దిగడం మామూలే. మంచుకు ఓర్చుకోలేని లేత చిగురుకు ఆ ఒక్క రాత్రి చాలు.

అమెరికా వ్యవసాయ శాఖ రూపొందించిన చలి మండలాల పటం ఈ విషయంలో నయం. ఏటా ఒక్కసారి నమోదయ్యే అతి తక్కువ ఉష్ణోగ్రతలను తీసుకుని, వాటి సగటును బట్టి 13 మండలాలుగా విభజించింది. 2023లో వచ్చిన తాజా పటానికి 1991–2020 లెక్కలు ఆధారం. కానీ ఆ పటానికి చలి తప్ప మరేమీ తెలియదు. ఎండ, వాన, గాలి, నేల ఏవీ అందులో లేవు. మండలం నంబరు కలిసిందని తేమ తీరంలో పెరిగే మొక్కను ఎండుగాలి వీచే మైదానానికి తెస్తే, చలికి తట్టుకున్న మొక్కే వేసవికి మాడిపోతుంది.

వాన విషయంలో ఏడాది మొత్తం అంకె దాదాపు ఏమీ చెప్పదు. 900 మి.మీ. వాన పన్నెండు నెలలకు సర్దుకుని పడే చోటు వేరు, నాలుగు నెలల్లో కుమ్మరించి ఎనిమిది నెలలు మొహం చాటేసే చోటు వేరు. దీన్ని పట్టుకోవడానికి కాగితం మీద చేయగల లెక్క ఒకటుంది, గాసెన్ సూత్రం అంటారు. ఒక నెల వాన మిల్లీమీటర్లలో ఎంతో చూడాలి. అది ఆ నెల సగటు ఉష్ణోగ్రతకు రెట్టింపు కన్నా తక్కువైతే అది పొడి నెల. అంటే 28 డిగ్రీల నెలలో 56 మి.మీ.కు తగ్గితే పొడి. ఇలా వరుసగా ఎన్ని పొడి నెలలు వస్తాయో లెక్కపెట్టండి. అవి మధ్యమధ్య విడిపోయి వస్తే మొక్క తేరుకుంటుంది, వరుసగా వస్తేనే చిక్కు. టేకుకు మూడు నుంచి ఐదు నెలల పొడి కాలం నప్పుతుంది, ఆకు రాల్చి నిలబడుతుంది. ఆయిల్ పామ్‌కు అదే పొడి కాలం దిగుబడిని దెబ్బ తీస్తుంది. ఏడాది వాన ఒకటే అయినంత మాత్రాన ఈ రెండింటికీ ఒకే రంగు వేసే పటం రెండింటికీ అన్యాయం చేసినట్టే.

ఇంకొంచెం కచ్చితంగా కావాలంటే ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ వాడిన పద్ధతి ఉంది. నేల నుంచీ ఆకుల నుంచీ ఆవిరి కాగల నీటిలో సగానికి మించి వాన పడ్డ నాటి నుంచి పెరుగుదల కాలం మొదలైనట్టు లెక్క. వానలు తగ్గాక నేలలో నిల్వ ఉన్న 100 మి.మీ. తేమ ఖర్చయ్యే దాకా అది సాగినట్టు. సరిగ్గా ఈ 100 మి.మీ. దగ్గరే నేల రంగంలోకి దిగుతుంది. పటాలు చేసేవారు ఎక్కువగా పొరబడేదీ ఇక్కడే.

ఆ 100 అందరికీ ఒకటిగా పెట్టుకున్న అంకె. నిజంగా ఎంత నీరు దాగుతుందో చెప్పేవి నేల లోతు, మట్టి రకం, రాళ్ల శాతం. మొక్క తీసుకోగల నీరు మీటరు లోతుకు ముతక ఇసుకలో 60 మి.మీ. అటూ ఇటూ, ఇసుక గరపలో 110, మంచి గరప నేలలో 160 వరకు ఉంటుందనుకుందాం. ఇప్పుడు ఒకే గడిలో పక్కపక్కనే ఉన్న రెండు చోట్లు తీసుకోండి. మొదటిది మిట్ట: 40 సెం.మీ. కింద రాయి తగులుతుంది, ఉన్న ఇసుక గరపలో 40 శాతం గులకరాళ్లు. 0.4 మీటర్లను 0.6తో, తర్వాత 110తో గుణిస్తే 26 మి.మీ. రెండోది పల్లం వైపు: మీటరున్నర లోతు, రాళ్లు లేని గరప నేల. 1.5ను 160తో గుణిస్తే 240 మి.మీ. ఎండాకాలంలో చెట్టు రోజుకు 4 మి.మీ. తాగితే మొదటి చోట నీరు వారం రోజులు కూడా రాదు, రెండో చోట రెండు నెలలు వస్తుంది. రెండింటి మీదా పడ్డ వాన ఒక్కటే, కాసిన ఎండ ఒక్కటే. వాతావరణ పటంలో రెండింటి రంగూ ఒక్కటే. నేల లోతు తెలియకుండా జాతిని ఎంపిక చేయడం అంటే ఈ తొమ్మిది రెట్ల తేడాను గాలికొదిలేయడమే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. బంక నేల నీటిని ఎక్కువ పట్టి ఉంచుతుంది కనుక ఎక్కడైనా మేలే అనుకుంటాం. వాన చాలా తక్కువగా ఉండే చోట ఇది తలకిందులవుతుంది. చిన్న జల్లు బంక నేలలో పైపైనే ఆగి, రెండు రోజుల్లో ఆవిరైపోతుంది. ఇసుకలో అదే జల్లు లోతుకు దిగి, ఎండకు అందకుండా మిగులుతుంది. ఏడాది వాన దాదాపు 300–500 మి.మీ. ఉండే దగ్గర ఈ గీత ఉంటుందని నోయ్-మెయిర్ అనే పర్యావరణ శాస్త్రవేత్త 1973లోనే వివరించారు. దానికి దిగువన ఇసుక నేల, ఎగువన బరువు నేల చెట్టుకు అనుకూలం. అందుకే మట్టి రకానికి అన్ని ప్రాంతాల్లోనూ ఒకే మార్కు వేసే పద్ధతి తప్పు. వాన ఎంతో చూశాకే మట్టికి మార్కు వేయాలి.

నీటి తర్వాత రసాయనం. దీనికి ఫ్రాన్స్ ద్రాక్షతోటల కన్నా మంచి ఉదాహరణ లేదు. 19వ శతాబ్దం రెండో సగంలో ఫిలాక్సెరా అనే వేరు పురుగు అక్కడి తోటలను తుడిచిపెట్టింది. ఆ పురుగుకు తట్టుకునే అమెరికా ద్రాక్ష వేరుమూలాలు (అంటు కట్టేటప్పుడు కింద ఉంచే వేరు మొక్కలు) తెప్పించి అంటు కట్టారు. వాతావరణం సరిపోయింది, పురుగుకూ తట్టుకున్నాయి. కానీ సుద్ద నేలలున్న చోట ఆకులు పసుపెక్కి తీగలు కుదేలయ్యాయి. 1887లో ఫ్రెంచ్ ద్రాక్ష శాస్త్రవేత్త పియర్ వియాలా అమెరికా వెళ్లి, సున్నపు నేలల్లో సహజంగా పెరిగే ద్రాక్ష కోసం వెతికారు. టెక్సస్‌లో ద్రాక్ష నిపుణుడు టి.వి. మన్సన్ సాయంతో బెర్లాండియెరీ జాతి మీద దృష్టి నిలిచింది. ఆ జాతితో సంకరం చేసిన 41బి వేరుమూలాన్ని సున్నపు నేలల్లో నేటికీ వాడుతున్నారు. వియాలా వెతికిన తీరు గమనించండి: ముందు తన దేశపు నేలను చూసుకున్నారు, తర్వాత అలాంటి నేల ఉన్న చోటికి వెళ్లి అక్కడేం పెరుగుతోందో చూశారు. ఇప్పటి పటాల పని కూడా ఈ వరసలోనే సాగాలి.

సున్నపు నేలలో జరిగేది ఇదీ. మట్టిలో ఇనుము ఉంటుంది, కానీ పీహెచ్ 7.5 దాటి, బైకార్బనేట్ ఎక్కువైనప్పుడు అది కరగదు, వేరుకు అందదు. కొత్త ఆకులు పసుపెక్కుతాయి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఆ నేలలో అన్నభేది వేస్తే కొద్ది రోజుల్లోనే అదీ కరగని రూపంలోకి మారిపోతుంది. ఆకు మీద పిచికారీ చేస్తే ఆ ఆకులకు మాత్రమే పని చేస్తుంది. తోటలో అయితే ఏటా పిచికారీ చేసుకోవచ్చు. వేల ఎకరాల చెట్ల పెంపకంలో ఇది జరిగే పని కాదు. అక్కడ జాతిని మార్చడమే దారి.

చౌడు విషయంలో పటాలు మరీ మొరటుగా ఉంటాయి. పాలచౌడు, కారుచౌడు రెండింటికీ ఒకే రంగు వేసిన పటాలున్నాయి. పాలచౌడులో కరిగే లవణాలు ఎక్కువ: సంతృప్త మట్టి సారంలో (నీటితో పూర్తిగా తడిపిన మట్టి ముద్ద నుంచి తీసిన నీటిలో) విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసిసీమెన్స్ దాటుతుంది. మంచి నీరు పెట్టి కిందికి దించేస్తే బాగుపడుతుంది. కారుచౌడులో సోడియం మట్టి రేణువులకు అతుక్కుని ఉంటుంది: మార్పిడి సోడియం 15 శాతం దాటి, పీహెచ్ 8.5 మించుతుంది, నీరు దిగదు. జిప్సం వేయకుండా నీరు పెడితే నిలిచిపోవడమే తప్ప లాభం ఉండదు. మొక్కల ఎంపిక కూడా దీన్ని బట్టే మారాలి. ఉప్పుగాలికి, తీరపు ఇసుకకు సరుగుడు భేషుగ్గా తట్టుకుంటుంది. నీరు నిలిచే బరువు నేలలో అదే సరుగుడు రాణించదు. అక్కడ దాని దగ్గరి చుట్టం, కాసువరినా గ్లాకా, నయం. 'సరుగుడు చౌడుకు ఆగుతుంది' అన్న ఒక్క వాక్యంతో పని జరగదని చెప్పడానికే ఇది.

ప్రయోగశాల నివేదికల్లోనూ ఒక జాగ్రత్త అవసరం. పైన చెప్పిన 4 అనే హద్దు సంతృప్త సారానికి వర్తిస్తుంది. చాలా ప్రయోగశాలలు ఒక వంతు మట్టికి రెండు వంతుల నీరు కలిపి కొలుస్తాయి. అందులో లవణం పలచబడి అదే మట్టికి చాలా తక్కువ అంకె వస్తుంది. ఆ అంకెను ఈ హద్దుతో పోల్చి 'చౌడు లేదు' అని రాసేస్తారు. పీహెచ్ కూడా అంతే: కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో కొలిస్తే నీటిలో కన్నా అర పాయింటు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే తగ్గి రావచ్చు. ఏ పద్ధతిలో కొలిచారో రాయని అంకెను పటంలో పెట్టకూడదు.

ఇక చోటు సగటు. నేల పటం చూసేటప్పుడు మొదట అడగాల్సింది స్కేలు. పటం మీద చదవడానికి వీలయ్యే అతి చిన్న ముక్క 0.4 చదరపు సెంటీమీటర్లు అని సర్వే వాళ్లు లెక్కపెడతారు. 1:10,000 పటంలో అది నేల మీద 0.4 హెక్టార్లు. 1:50,000లో 10 హెక్టార్లు. ప్రపంచ నేలల పటాన్ని వేసిన 1:50 లక్షల స్కేలులో 1,000 చదరపు కిలోమీటర్లు. అంత పెద్ద ముక్కకు ఒక పేరు పెట్టారంటే అందులో ఆ నేల ఎక్కువగా ఉందని మాత్రమే అర్థం. దాన్ని కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే గీతలు పెద్దవవుతాయి, సమాచారం పెరగదు.

నెదర్లాండ్స్‌లోని ఇస్రిక్ సంస్థ ఇచ్చే సాయిల్‌గ్రిడ్స్ 250 మీటర్ల గడితో, రెండు మీటర్ల లోతు వరకు ఆరు పొరలుగా వస్తుంది. చాలా విలువైన పని. కానీ అవన్నీ తవ్వి కొలిచిన అంకెలు కావు, తవ్విన చోట్ల నుంచి మోడల్ ఊహించిన అంకెలు. అందుకే ప్రతి అంకెతో పాటు ఎంత తక్కువ ఉండవచ్చో, ఎంత ఎక్కువ ఉండవచ్చో కూడా ఇస్తుంది. ఈ రెండు హద్దులను ఎవరూ తెరిచి చూడరు. మధ్య అంకె పీహెచ్ 7 ఉండి, హద్దులు 5.6 నుంచి 8.4 వరకు ఉన్నాయంటే, ఆ గడి గురించి పటానికి తెలిసింది దాదాపు శూన్యం. అలాంటి గడుల్లోనే ముందుగా గుంతలు తవ్వాలి.

ఒక చిన్న పొరపాటు పెద్ద నష్టం చేస్తుంది కనుక దాన్నీ చెప్పాలి. సాయిల్‌గ్రిడ్స్‌లో పీహెచ్‌ను పదితో గుణించి నిల్వ చేస్తారు: 65 అంటే 6.5. వరల్డ్‌క్లిమ్ పాత వెర్షన్‌లో ఉష్ణోగ్రత కూడా ఇలా పదింతలు ఉండేది, కొత్త వెర్షన్‌లో నేరుగా డిగ్రీల్లో ఉంటుంది. పాతదీ కొత్తదీ కలిపి, రెండింటినీ పదితో భాగిస్తే 25 డిగ్రీల ప్రాంతం రెండున్నర డిగ్రీల ప్రాంతంగా మారిపోతుంది. పటం గీసేముందు తెలిసిన పది చోట్ల అంకెలు తీసి చూడటం పది నిమిషాల పని.

కొండ ప్రాంతాల్లో కిలోమీటరు గడి ఇంకా ఎక్కువ దాచేస్తుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. ఒకే గడిలో 300 మీటర్ల ఎత్తు తేడా ఉంటే పైకీ కిందికీ దాదాపు 2 డిగ్రీల తేడా. రాత్రిపూట చల్లగాలి బరువుగా లోయలోకి జారి నిలబడుతుంది కనుక, మంచు విషయంలో లోయ అడుగు పైన ఉన్న వాలు కన్నా ప్రమాదకరం కావచ్చు. ఈ లెక్క తిరగబడటం పటంలో కనపడదు.

మూడో సగటు మనుషులు చేసేది, అన్నిటికన్నా చెడ్డది. ఉష్ణోగ్రత, వాన, లోతు, వాలు, పీహెచ్ ఐదింటికీ తలా 20 మార్కులు పెట్టి కూడతారు. పీహెచ్ 9.3 ఉన్న కారుచౌడులో మిగతా నాలుగూ బాగుంటే మొత్తం 80 వస్తుంది. పటంలో 'చాలా అనుకూలం' అని ముదురు ఆకుపచ్చ పడుతుంది. మొక్క మాత్రం ఆ ఏడాదే చస్తుంది. పరీక్షలో ఒక సబ్జెక్టు తప్పితే మొత్తం తప్పినట్టే. ఈ నియమం మొక్కకు ఇంకా కఠినంగా వర్తిస్తుంది. ఆహార, వ్యవసాయ సంస్థ 1976లో ఇచ్చిన భూ మూల్యాంకన విధానంలో అనుకూలతకు మూడు మెట్లు, అననుకూలతకు రెండు మెట్లు ఉన్నాయి: సరిచేసుకోగల లోపం ఒకటి, ఎప్పటికీ సరికాని లోపం ఇంకొకటి. ఆ చట్రంలో పనిచేసేవారు అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంశాన్నే ఆ చోటు మెట్టుగా తీసుకోవడం సర్వసాధారణం. ముందు ఇలా వడకట్టి, అననుకూలమైనవి తీసేశాక, మిగిలినవాటిలో ఏది మేలో తేల్చడానికి మార్కుల పద్ధతి వాడుకోవచ్చు. వరస తారుమారు చేయకూడదు.

'లోపాన్ని గుంతలో సరిచేస్తాం' అనే మాట తరచూ వినిపిస్తుంది. బయటి నుంచి మంచి మట్టి తెచ్చి గుంత నింపితే మొదటి రెండేళ్లు మొక్క కళకళలాడుతుంది. వేరు గుంత గోడను తాకాక అసలు నేల ఎదురవుతుంది, పెరుగుదల అక్కడే ఆగుతుంది. చుట్టూ బంక నేల ఉంటే ఇంకా ఘోరం: వదులు మట్టి నింపిన గుంత తొట్టెలా నీరు పట్టి, వేరును కుళ్లబెడుతుంది.

మొక్క ఎక్కడెక్కడ పెరుగుతోందన్న సమాచారం కూడా శుభ్రం చేయకుండా వాడే వీలు లేదు. ఏ జీవి ఎక్కడ కనిపించిందో భద్రపరిచే జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ భాండాగారంలో నమోదులు కోట్లలో ఉన్నాయి. వాటిలో అక్షాంశ రేఖాంశాలు తారుమారైనవి, సున్నా–సున్నా దగ్గర సముద్రంలో పడినవి, చోటు తెలియక దేశం నడిబొడ్డున పెట్టినవి, రోజూ నీళ్లు పెట్టే ఉద్యానవనంలో నమోదైనవి ఉంటాయి. ఇవన్నీ తీసేయాలి. రోడ్ల వెంట నమోదులు గుంపుగా ఉంటాయి కనుక గడికి ఒకటి మాత్రమే ఉంచాలి. ఆ తర్వాత, ఈ నమోదుల నుంచి మొక్క ఎక్కడ పెరగగలదో ఊహించే మోడల్‌కు పరీక్ష. నమోదులను ఇష్టం వచ్చినట్టు రెండు భాగాలు చేసి పరీక్షిస్తే పక్కపక్కనున్నవే అటూ ఇటూ పడి, మోడల్‌కు మంచి మార్కులు వస్తాయి. ఒక ప్రాంతాన్ని పూర్తిగా పక్కన పెట్టి, మిగతా ప్రాంతాలతో నేర్పి, పక్కన పెట్టిన చోట పరీక్షించాలి. అప్పుడు మార్కులు తగ్గుతాయి. ఆ తగ్గిన మార్కులే నిజానికి దగ్గర.

సహజంగా పెరిగే చోటే ఆ మొక్క చేవకు హద్దు అనుకోవడమూ పొరపాటే. రేడియేటా పైన్ అనే చెట్టు సొంత ఊళ్లు కాలిఫోర్నియా తీరంలో మూడు చిన్న ప్రాంతాలు, మెక్సికోకు చెందిన రెండు దీవులు. అంతే. న్యూజిలాండ్, చిలీ, ఆస్ట్రేలియాల్లో మాత్రం లక్షల హెక్టార్లలో పెరుగుతోంది. సొంత చోటు వాతావరణంతోనే పటం గీస్తే ఈ దేశాల్లో చాలా భాగం ఎరుపు రంగులో వచ్చేది. కనుక నాటి పెంచిన చోట్ల అనుభవాన్నీ కలపాలి. అదే చెట్టు ఇంకో పాఠమూ చెబుతుంది. తూర్పు ఆఫ్రికా ఎత్తయిన ప్రాంతాల్లో అది బాగా పెరిగింది, కానీ వెచ్చదనం, తేమ కలిసొచ్చి 1960ల్లో డోతిస్ట్రోమా అనే ఆకు తెగులు విజృంభించి అక్కడ దాని పెంపకం ఆపేయాల్సి వచ్చింది. చెట్టుకు నచ్చిన వాతావరణం తెగులుకు ఇంకా ఎక్కువ నచ్చింది. చెట్టుకు ఒక పటం గీస్తే దాని ముఖ్యమైన తెగులుకు ఇంకో పటం గీసి పక్కన పెట్టుకోవాలి.

జాతి పేరుతో కూడా పని పూర్తి కాదు. ఒకే యూకలిప్టస్ కమాల్డ్యులెన్సిస్‌లో ఆస్ట్రేలియా దక్షిణాన అల్బకుట్యా సరస్సు దగ్గరి విత్తనం చలికాలం వాన పడే ప్రాంతాలకు, ఉత్తరాన పెట్‌ఫోర్డ్ దగ్గరి విత్తనం వేసవి వానల ఉష్ణ ప్రాంతాలకు సరిపోతాయని అనేక దేశాల ప్రయోగాల్లో తేలింది. రెండూ ఒకే జాతి, సంచి మీద పేరు ఒకటే. విత్తనం ఎక్కడ పుట్టిందో రాయని సంచిలోని విత్తనానికి ఎంత మంచి పటమైనా సాయం చేయలేదు.

అన్ని ప్రాంతాల్లోనూ 'అనుకూలం' అని వచ్చే జాతిని చూస్తే సంతోషించకూడదు, అనుమానించాలి. సర్కారు తుమ్మను కరువు నేలలకు వరమని అనేక దేశాలకు తీసుకుపోయారు, ఇప్పుడు దాన్ని పీకలేక అవస్థ పడుతున్నారు. సహజంగానే గడ్డి మైదానమైన చోటు చెట్టుకు పనికొస్తుందని పటం చెప్పినా అక్కడ నాటకూడదు.

పటం ఎంపిక చేసిన చోట చేయాల్సిన పని ఇది. వాలును మిట్ట, నడుమ, పల్లం అని విడదీసి ఒక్కోదానిలో కనీసం ఒక గుంత, మీటరున్నర లోతు లేదా రాయి తగిలే దాకా. ఇసుక నేలలో గోడలు కూలతాయి కనుక నడుము లోతు దాటితే మెట్లు చెక్కుతూ దిగాలి. గుంత గోడలో చూడాల్సినవి: ఇప్పుడున్న మొక్కల వేళ్లు ఏ లోతులో ఆగాయి, ఆగిన చోట గట్టి పొర ఉందా, బూడిద, తుప్పు రంగు మచ్చలు ఎక్కడ మొదలయ్యాయి (ఏడాదిలో కొంత కాలం నీరు నిలిచేది అక్కడి వరకు), పది శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే ఏ పొరలో పొంగుతోంది (అక్కడి నుంచి సున్నం), రాళ్లు ఘనపరిమాణంలో ఎంత. మట్టి నమూనాలు 0–15, 15–30, 30–60, 60–100 సెం.మీ. పొరల నుంచి విడివిడిగా తీయాలి. అన్నీ కలిపి ఒక సంచిలో వేస్తే మళ్లీ సగటే అవుతుంది. నీరు దిగే తీరు తెలియడానికి అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంతను ఒకసారి నింపి పూర్తిగా ఇంకనిచ్చి, మళ్లీ నింపి కొలవాలి. గంటకు 2.5 సెం.మీ. కన్నా తక్కువ దిగితే టేకు, వేప లాంటి నీరు నిలిస్తే ఓర్వని జాతులను జాబితా నుంచి కొట్టేయాలి. తెల్లారి చూసినా నీరు ఉంటే వరదకు తట్టుకునేవి తప్ప మరేవీ పెట్టకూడదు.

ఆ తర్వాత చిన్న ప్రయోగం. జాతికి 5 వరసలు, వరసకు 5 మొక్కలు, ఇలా 25 మొక్కల మడి. అంచు మొక్కలకు వెలుతురూ చోటూ ఎక్కువ దొరుకుతాయి కనుక లోపలి 9 మొక్కలనే కొలవాలి. ఇలాంటి మడులు మూడు నాలుగు చోట్ల. వానాకాలం చివర లెక్కపెడితే అన్నీ బతికే ఉంటాయి. మొదటి, రెండో పొడి కాలాల చివర లెక్కపెట్టాలి. అప్పటికీ అంతా అయిపోయినట్టు కాదు. చైనా లోయెస్ పీఠభూమిలో తక్కువ వాన పడే చోట్ల నాటిన నల్ల లోకస్ట్ చెట్లు మొదట ఏపుగా పెరిగాయి. లోతు పొరల్లో ఏళ్లుగా దాగిన తేమను తాగేశాక గిడసబారి 'చిన్న ముసలి చెట్లు'గా మిగిలాయి. వాటి కింద ఏర్పడిన ఎండు పొర వానలతో సులువుగా నిండదు. అందుకే జాతితో పాటు హెక్టారుకు ఎన్ని చెట్లు ఉండాలన్నది కూడా ఏటా దొరికే నీటిని బట్టే తేలాలి.

ముప్పై, నలభై ఏళ్లు నిలవాల్సిన చెట్టుకు 1970–2000 వాతావరణం సరిపోదు. రాబోయే దశాబ్దాల అంచనాలను ఒకే మోడల్ నుంచి కాక అనేక మోడళ్ల నుంచి తీసుకుని, ఇప్పటి పటంలోనూ అప్పటి పటంలోనూ నిలిచే జాతికి మొదటి చోటు ఇవ్వాలి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా 2010లోనే పశ్చిమ లార్చ్‌ను దాని ఇప్పటి సహజ పరిధికి బయట నాటడానికి అనుమతించింది, తర్వాత విత్తన తరలింపు నియమాలనే వాతావరణం ఆధారంగా మార్చుకుంది.

మొక్కల పెంపకం చేపట్టే సంస్థలకూ శాఖలకూ మీ పత్రిక ద్వారా మా వినతి ఒక్కటే. జాతి పేరు, మొక్కల సంఖ్య ప్రకటించే ప్రతిచోటా వాటి పక్కన ఇంకొన్ని గడులు చేర్చి ప్రజల ముందు పెట్టండి: వరుస పొడి నెలలు ఎన్ని, తవ్వి చూసిన నేల లోతు ఎంత, నేల పట్టే నీరు ఎన్ని మిల్లీమీటర్లు, పొరలవారీ పీహెచ్, విద్యుత్ వాహకత ఎంత, ఏ పద్ధతిలో కొలిచారు, వాడిన నేల పటం స్కేలు ఏమిటి, విత్తనం ఎక్కడిది, ఆ జాతిని ఆ చోట అడ్డుకోగల ఒకే ఒక్క అంశం ఏది. చివరి గడి ఖాళీగా ఉంచి, రెండో పొడి కాలం ముగిశాక బతికినవి ఎన్నో అందులో రాయండి.

భవదీయులు,
నేల సర్వే, చెట్ల పెంపకం పనుల్లో ఉన్న కొందరు పాఠకులు